పరసహాయము, పురపాలనము: లెక్క ఎవరికి చెప్పవలెను?

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి స్మారకోపన్యాస పాఠము



ఆంధ్రరత్న పేరిట జరుగు ఈ సభలో మాటలాడుట నాకు గౌరవము. ఆ గౌరవమును వెన్నంటి కొంత భయమును గలదు. ఏలయన గోపాలకృష్ణయ్యగారు వేలమందిని గంటలకొలది కదలనీయని వాగ్ధాటికి పేరుపడినవారు, నేనో పద్దుపుస్తకములను, తనిఖీ నివేదికలను తిరగవేయుటలో కాలము గడపినవాడను. ఐనను పన్నుల పద్దునుండియే ఒక మహోద్యమమును పుట్టించిన మహనీయుని స్మరించుకొను వేళ, పద్దుల ముచ్చట అపచారము కాదని తలచి, విదేశీ సహాయముతో మన పట్టణములలోను, మనవంటి ఇతర దేశముల ఊళ్లలోను నడచిన పురపాలక కార్యక్రమములను ఎట్లు మూల్యాంకనము చేయవలెనను విషయమును నేటి ప్రసంగమునకు ఎన్నుకొంటిని.

నీటికుళాయి, మురుగుకాలువ, వీధిదీపము, చెత్త ఎత్తివేత అనునవి మన నిత్యజీవనమును తాకినంతగా మరే ప్రభుత్వకార్యమును తాకదు. వీటికొరకును, వీటిని నడపు స్థానికసంస్థలను బలపరచుటకొరకును పరదేశములు ధనము నిచ్చినవి, నిపుణుల నంపినవి, ఫలితమేమని విచారించి నివేదికలను వ్రాయించినవి. ఆ నివేదికలు అడిగిన ప్రశ్నలు సరియైనవేనా అనునది నా విచారణ.

1. చీరాల అడిగిన ప్రశ్న

గోపాలకృష్ణయ్యగారు 1889లో పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొంది, స్వదేశమునకు తిరిగివచ్చి, ఉద్యోగములలో ఇముడక ప్రజలమధ్య నిలిచినవారు. చీరాల, పేరాల గ్రామములను కలిపి మదరాసు ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చినప్పుడు, అచ్చటి చేనేతవారును, రైతులును, చిల్లర వర్తకులును మాకు మునిసిపాలిటీ వలదనిరి. సౌకర్యములు వారికి చేదై కాదు. పన్ను అనేక రెట్లు పెరుగుట కంటికి కనబడుచుండెను గాని, ఆ పన్నుకు దగిన సేవ తమ వాకిటికి వచ్చునన్న నమ్మకము వారికి కలుగలేదు. వలయునో వలదో తేల్చుకొను అధికారము వారికి అసలే లేకపోయెను. 1921లో గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనము ఇండ్లు విడిచి, ఊరి పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని, ఇంచుమించు పదునొకండు నెలలు ఎండవానలకు ఓర్చి నిలిచిరి.

జాతీయోద్యమ చరిత్ర దీనిని పన్నుల నిరాకరణముగా చెప్పును. పురపాలన విషయమున దీనికి మరియొక ప్రాముఖ్యము గలదని నా తలంపు. పెరుగుచున్న ఊరికి పారిశుద్ధ్యము కావలెననుట అసత్యము కాదు. దానికి ధనము కావలెననుటయు అసత్యము కాదు. చీరాల ప్రజలు కాదన్నది ఆ అవసరమును కాదు, తమ ప్రమేయము లేక పైనుండి దిగివచ్చిన సంస్థను. పన్ను చెల్లించువాడు, సేవ పొందువాడు, నిర్ణయించువాడు అను ముగ్గురును వేరువేరు మనుష్యులైనచో ఆ సంస్థకు మునిసిపాలిటీ అను పేరుండవచ్చును గాని స్వపరిపాలన యుండదని వారు తమ కాపురములను పణముగా పెట్టి నిరూపించిరి. ఈ మూటి ముడి బిగిసెనా, సడలెనా అన్నదే పురపాలనకు చేయు ఏ సహాయమునకైనను పరమమైన పరీక్ష యని నేను ప్రతిపాదించుచున్నాను. తక్కిన ప్రసంగమంతయు ఆ ప్రతిపాదనకు సమర్థనము.

2. కొలుచు విద్య మనకు వచ్చిన విధము

పరసహాయమును కొలుచు విద్య మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1952 జనవరిలో భారత, అమెరికా ప్రభుత్వములమధ్య సాంకేతిక సహకార ఒప్పందము కుదిరెను. ఆ యేట గాంధీజయంతినాడు 55 సామాజికాభివృద్ధి పథకములు దేశమంతట ఆరంభమయ్యెను. అదే మాసమున ప్రణాళికా సంఘమునందు కార్యక్రమ మూల్యాంకన సంస్థ వెలసెను. ఫోర్డ్ ఫౌండేషన్ దానికి తోడ్పడెను, ఆర్థికశాస్త్రవేత్త డి. జి. కార్వే దానికి తొలి అధిపతి. పథకములను నడపు యంత్రాంగమునకు లోబడకుండ, వేరుగా నిలిచి, ఏటేట క్షేత్రమున విచారించి, మంచి చెడ్డలను దాపరికము లేక వ్రాయుట దాని విధిగా నిర్ణయింపబడెను. పథకము ముగిసిన పిదప కాక, ఆరంభమునాడే కొలుచువానిని నియమించుకొన్న ఆనాటి దూరదృష్టి మెచ్చదగినది.

ఆ సంస్థ కనుగొన్నదేమి? బాటలు పడినవి, బడులు కట్టబడినవి, బావులు త్రవ్వబడినవి. కాని మేలు అప్పటికే కొంత కలిగినవారికే ఎక్కువగా చేరినది, ప్రజల భాగస్వామ్యము శ్రమదానపు ఉత్సవము ముగియగనే సన్నగిల్లినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఈ స్థితికి హేతువును విచారించి, ఎన్నికైన స్థానికసంస్థకు అధికారమును, ధనమును అప్పగింపనిదే స్థానిక చొరవ పుట్టదని తేల్చెను. 1959లో రాజస్థానమును, దానివెంట మన ఆంధ్రప్రదేశమును పంచాయతీరాజ్ వ్యవస్థను స్వీకరించుటకు ఆ నిర్ణయమే ఆధారమయ్యెను.

ఈ కథలో నాకు విశేషముగా తోచునది యొకటి. ఇచ్చట మూల్యాంకనము పథకమునకు ఉత్తీర్ణత, అనుత్తీర్ణత యని మార్కులు వేసి ఊరకుండలేదు; జవాబు చెప్పుకొనవలసినవా రెవరన్న విషయమునే మార్చివేసెను. అధికారికి బదులు ఎన్నికైన పంచాయతీ సమితి అధ్యక్షుడు ప్రజల యెదుట నిలువవలసి వచ్చెను. తరువాతి దశాబ్దములలో ఆ వ్యవస్థ ఎన్ని ఒడుదొడుకులకు లోనయినను, మూల్యాంకనము చేయగల గొప్ప కార్యమేమో ఆనాడు తేటపడెను.

3. దాతల కొలబద్దలు

1970 ప్రాంతమున అమెరికా అభివృద్ధి సంస్థ లాగ్‌ఫ్రేమ్ అను పట్టికను రూపొందించెను. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు గల ఆ పట్టికలో అడుగున పెట్టుబడి, దానిపై పనుల ఫలము, దానిపై పథకోద్దేశము, అన్నిటిపై పరమలక్ష్యము ఉండును. ప్రతిదానికెదుట సూచికయు, ఆ సూచికకు ఆధారమును, చిట్టచివరి నిలువులో మన వశములో లేని ఊహలును వ్రాయబడును. 1991లో సంపన్నదేశముల అభివృద్ధి సహాయ సంఘము ఔచిత్యము, సాఫల్యము, పొదుపు, ప్రభావము, సుస్థిరత అను అయిదు ప్రమాణములను ప్రకటించెను. 2019లో పొందిక అను ఆరవదానిని చేర్చెను. నేడు ఏ దాత వ్రాయించిన నివేదికను విప్పినను ఈ ప్రమాణములే అధ్యాయములై కనిపించును.

ఇవి నిరర్థకములని నేననను. ధనము ఎచ్చట పోయినదో చెప్పలేని స్థితికంటె, చెప్పవలసిన స్థితి మేలు. కాని పురపాలక కార్యక్రమములకు వచ్చుసరికి ఈ పట్టికలో ఒక చిత్రమైన విపర్యాసము గలదు. కాలువ ఎన్ని మీటర్లు కట్టిరి, కుళాయి లెన్ని బిగించిరి, కౌన్సిలర్ల కెన్ని శిక్షణశిబిరములు జరిపిరి అనునవి సూచికలై ముందు నిలువులలో కూర్చుండును. పురపాలక సంఘము ఏటేట నిర్వహణకు నిధులు కేటాయించును, ఖాళీపడిన ఉద్యోగములను ప్రభుత్వము నింపును, ఎన్నికలు సకాలమున జరుగును అనునవి ఊహలై చివరి నిలువులో ఒదిగియుండును. స్థానిక స్వపరిపాలనలోని ప్రాణమంతయు ఆ చివరి నిలువుననే యున్నది. కొలువదగినదానిని ఊహగా వదలి, లెక్కింప సులభమైనదానిని ఫలితముగా ప్రకటించుట ఈ విద్యలోని మూలదోషము.

దీనికి తోడు కాలదోష మొకటి గలదు. నివేదిక వ్రాయువాడు సామాన్యముగా పథకము ముగియువేళ వచ్చును. అప్పటికి సిమెంటు తెల్లగానే యుండును, పంపుసెట్టు క్రొత్తగానే తిరుగుచుండును, డిప్యుటేషన్‌పై వచ్చిన ఇంజనీర్లింకను వెళ్లలేదు. పెండ్లికి వచ్చినవారి మెప్పును బట్టి కాపురము నిలుచునో నిలువదో చెప్పగలమా? మురుగుకాలువకు అసలు పరీక్ష అయిదారు వర్షకాలములు గడచినపిమ్మట, దానిలో పూడికతీయుటకు ఎవరు జీతమిచ్చుచున్నారో చూచినప్పుడు జరుగును.

4. మన బస్తీల అనుభవము

హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లో పట్టణ సామాజికాభివృద్ధి శాఖను నెలకొల్పెను. బస్తీవాసులతో కూర్చుండి వారి అవసరములను వారిచేతనే చెప్పించుట దాని పద్ధతి. తొలినాళ్లలో దానికి పెద్ద ధనము లేదు. అదియే ఒకవిధముగా దానికి మేలుచేసినది, ఏలయన ఇచ్చుటకు చేతిలో నేమియు లేని సంస్థ వినుటను నేర్చుకొనక తప్పదు. పిమ్మట యూనిసెఫ్ తోడ్పడెను. 1980ల నుండి బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో మురికివాడల అభివృద్ధి పథకములు హైదరాబాదునను, విశాఖపట్టణమునను, విజయవాడయందును, రాష్ట్రము వెలుపల ఇందోరు, కలకత్తా, కటకము నగరములలోను నడచినవి.

వీనిలో ఇందోరు కథ మూల్యాంకనము చేయువారందరు చదువదగినది. ఇంజనీరు హిమాంశు పారిఖ్ మురికివాడలను విడివిడిగా చూడక, నగరపు సహజమైన పల్లములను, వాగుల దారులను అనుసరించి మురుగుగొట్టములను అన్నిటిని కలిపి వేయదలచెను; ఇంటింటికి మరుగుదొడ్డి, మురుగు కనెక్షను ఇప్పింప సంకల్పించెను. ఆలోచన ఉదాత్తము. 1998లో దానికి ఆగాఖాన్ వాస్తుపురస్కారము లభించెను. కాని నగరప్రణాళికావేత్త గీతా దివాన్ వర్మ 2002లో ప్రకటించిన ‘స్లమ్మింగ్ ఇండియా’ గ్రంథమున, పురస్కారము వచ్చిన చోటనే గొట్టములు పూడి, మురుగు ఇండ్లముందు నిలిచినదని తీవ్రముగా విమర్శించెను. మరుగుదొడ్డికి నీరు చాలక, వాడలోని గొట్టము పెద్ద గొట్టముతో పొందిక కుదురక, పూడిక తీయువారు లేక యున్నచో, ఎంత చక్కని నమూనాయైనను చిత్రపటముగానే మిగులును. పురస్కారమును, విమర్శను పక్కపక్కన నుంచి చూచినచో తేలునదేమనగా, ఒకరు నిర్మాణమును కొలిచిరి, మరియొకరు నిర్వహణమును కొలిచిరి. నిర్వహణమునకు బాధ్యుడైన నగరపాలక సంస్థ మాత్రము ఈ రెండు కొలతలకును పక్కననే నిలిచిపోయెను.

ఈ పాఠమును దాతలు గ్రహింపకపోలేదు. ఈ శతాబ్దారంభమున బ్రిటిషు అంతర్జాతీయాభివృద్ధి శాఖ ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పట్టణ పేదల సేవాపథకమును చేపట్టినప్పుడు, కాలువలను రెండవ అంగముగా జేసి, పురపాలక సంస్కరణలను మొదటి అంగముగా నిలిపెను. పౌరసమాజమును బలపరచుట మూడవది. లక్షకు మించిన జనాభా గల పట్టణములు, తొలుత 32, పిమ్మట 42, అందు చేరినవి. ప్రతి పురపాలక సంఘమును పేదరిక నిర్మూలనకై తన కార్యప్రణాళికను తానే తయారుచేసికొనవలెను. ఏ వాడకు ముందు పని జరుగవలెనో తేల్చుటకు పేదరికమును ఒక కొలతగాను, వసతుల లేమిని ఇంకొక కొలతగాను తీసికొని పట్టిక కట్టవలెను. పొదుపుసంఘముల స్త్రీలు ఈ కార్యమున ముఖ్యపాత్ర వహించిరి. 2007లో పట్టణ పేదరిక నిర్మూలనకై మెప్మా అను సంస్థ ఏర్పడుటకు ఈ యనుభవము కొంత బాట వేసినది.

ఇచ్చట విచారింపవలసిన సూక్ష్మ మొకటి గలదు. పట్టికప్రకారము వాడలను ఎన్నుకొనునప్పుడు కౌన్సిలరు తన వార్డుకు, తన యనుయాయుల వీధికి పని తెచ్చుకొను అవకాశము తగ్గును. అది పేదలకు మేలు. కాని ఎన్నికైనవాని విచక్షణను పట్టికకు అప్పగించినప్పుడు, నా వీధికి కాలువ ఏల రాలేదని అడుగవచ్చిన స్త్రీకి ఆ కౌన్సిలరు పట్టికను చూపి తప్పించుకొనగలడు. న్యాయము పెరిగినది, జవాబుదారీ సన్నగిల్లినది. రెండింటిని ఒకే సూచికలో ఇరికించు నివేదిక ఈ పేచీని చూడజాలదు.

ఇంకను ముఖ్యమైనది, ఆ పథకము ముగిసిన కొలదికాలమునకే జరిగినది. 2005లో ఎన్నికైన పురపాలక మండలుల గడువు 2010లో తీరెను. మరల ఎన్నికలు 2014లో గాని జరుగలేదు. నడుమనున్న మూడున్నర సంవత్సరములు పట్టణములు ప్రత్యేకాధికారుల చేతిలో నుండెను. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక మండలికి అయిదేండ్ల గడువును, ఆ గడువు తీరకమునుపే ఎన్నికను విధించియున్నను స్థితి ఇది. సంస్కరణలను మొదటి అంగముగా నిలిపిన పథకపు పట్టణములలో, సంస్కరణకు మూలాధారమైన ఎన్నికైన సభయే లేకపోయెను. జంటపద్దు లెక్కలు నేర్పితిమి, కంప్యూటర్లు ఇచ్చితిమి, పౌరసేవాకేంద్రములు తెరచితిమి యని వ్రాసికొన్న వరుసల యెదుట, చివరి నిలువులోని ఊహ ఒక్కటి కూలిపోయినది. దానికి దాతను నిందింపలేము. కాని స్థానికపాలన బలపడెనా యను ప్రశ్నకు జవాబు చెప్పబూనిన ఏ మూల్యాంకనమైనను ఈ యంశమును మొదటి పుటలో వ్రాయవలెనే గాని అనుబంధములో దాచరాదు.

5. ప్రయోగములు తేల్చినది

ఈ పాతికేండ్లలో మూల్యాంకన విద్యకు ఒక క్రొత్త పద్ధతి వచ్చినది. ఔషధ పరీక్షలలోవలె కొన్ని ఊళ్లను చీటీలువేసి ఎన్నుకొని, వానికి సహాయమిచ్చి, తక్కినవానితో పోల్చి చూతురు. ఈ పద్ధతి తేల్చిన సత్యములు రెండు మూడు మనకు ఉపకరించునవి.

ఇండొనేషియాలో ప్రపంచబ్యాంకు ఋణముతో గ్రామములు తమ రోడ్లను తామే వేసికొన్న కార్యక్రమమున, ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ 608 గ్రామములను పరిశోధించి 2007లో ఫలితములను ప్రకటించెను. ఇంజనీర్లు రోడ్లను త్రవ్వి నమూనాలు తీసి, నిజముగా పడిన రాయి యెంత, లెక్కలో చూపిన రాయి యెంతయని సరిపోల్చిరి. ప్రభుత్వ ఆడిట్ తప్పక జరుగునని ముందుగా చెప్పిన గ్రామములలో మాయమగు ధనపు వాటా 8 శాతాంశముల మేర తగ్గెను. జనమును లెక్కల సభలకు పిలుచుటవలన మొత్తము మీద పెద్ద మార్పు రాలేదు. కాని కూలిడబ్బులో జరుగు దోపిడి మాత్రము తగ్గెను, సామగ్రిలో జరుగునది తగ్గలేదు. కారణము సుబోధము. తన కూలి తగ్గినచో కూలివానికి వెంటనే తెలియును. రోడ్డులో రాయి తగ్గినచో అది అందరి నష్టమైనందున ఎవరి నష్టమును కాకపోవును. ప్రజల నిఘా, ప్రభుత్వ తనిఖీ అను రెండింటిలో ఒకటి రెండవదానికి బదులు కాజాలదని దీని తాత్పర్యము.

పడమటి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశమున స్థానిక మండలులు 1972లో రద్దయి, అంతర్యుద్ధానంతరము 2004లో మరల వెలసెను. అచ్చట గోబిఫో అను సహాయ కార్యక్రమము గ్రామములకు నిధులిచ్చుటతో బాటు, స్త్రీలను, యువకులను నిర్ణయములలో పాల్గొనజేయుటకు దీర్ఘకాలము శ్రమించెను. కేసీ, గ్లెనర్‌స్టర్, మిగుయెల్ అను మువ్వురు పరిశోధకులు 236 గ్రామములను పోల్చిచూచి 2012లో ఫలితములను ప్రకటించిరి. కట్టడములు మెరుగుపడెను, జీవనస్థితి కొంత బాగుపడెను; కాని నిర్ణయములు చేయు తీరు మారలేదు, స్త్రీల మాట పథకము వెలుపల పెరుగలేదు. ఈ పరిశోధనలో మెచ్చదగిన అంశము వేరొకటి: ఏయే ప్రశ్నలకు జవాబు వెదకుదురో, ఏది విజయమో, ఏది అపజయమో ఫలితములు చేతికి రాకమునుపే వారు వ్రాసి ప్రకటించియుంచిరి. అట్లు చేయకున్నచో అదే సమాచారమునుండి తమకు నచ్చిన అంశములను ఏరుకొని, కార్యక్రమము సంస్థలను బాగుచేసినదనియు వ్రాయవచ్చును, పాడుచేసినదనియు వ్రాయవచ్చునని వారే చూపిరి. మన నివేదికలలో ఎన్నింటికి ఈ నిగ్రహము గలదు?

చీటీలు వేసిన ప్రయోగము కాకున్నను, ఉగాండా అనుభవము మరింత ఆలోచింపజేయును. 1991 నుండి 1995 వరకు పాఠశాలలకై కేంద్రప్రభుత్వము విడుదల చేసిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతము మాత్రమే బడులకు చేరినట్లు రీనిక్కా, స్వెన్సన్ అను పరిశోధకులు కనుగొనిరి. నడుమనున్న జిల్లా కార్యాలయములలో తక్కినది ఇంకిపోయెను. జిల్లాలకు ఎంత పంపితిమో ప్రభుత్వము పత్రికలలో ప్రకటింప మొదలిడిన పిమ్మట చేరిక 80 శాతమునకు మించెను. పత్రికాప్రకటన మహిమ యని లోకమంతయు కొనియాడెను. తరువాత పాల్ హబ్బర్డ్ అను మరియొక పరిశీలకుడు, ఆ కాలముననే ఉచితవిద్య, ఆర్థికశాఖ సంస్కరణ, దాతల ఒత్తిడి అన్నియు ఒక్కమారు జరిగినవని చూపి, ఘనతనంతటిని ప్రకటనకు అంటగట్టుట తగదని హెచ్చరించెను. పట్టణములోనైనను ఇంతే: కేంద్ర పథకము, రాష్ట్ర పథకము, పరదేశ సహాయము, ఇంటిపన్ను అన్నియు ఒకే వీధిలో కలియును; ఒక్కరే కీర్తిని తీసికొనబోవుట న్యాయము కాదు.

అదే ఉగాండాలో దాతల తోడ్పాటుతో జిల్లాలకు ఏటేట పరీక్ష పెట్టి, బాగుగా నడచినవానికి గ్రాంటును పెంచి, నడువనివానికి తగ్గించు పద్ధతి వచ్చెను. ప్రణాళికలు, లెక్కలు, టెండర్లు బాగుపడెను. ఇతర దేశములును దానిని అనుకరించెను. ఇంతలో 2005లో, ఎన్నికలకు ముందు, ప్రభుత్వము స్థానికసంస్థల ముఖ్యాదాయమైన తలపన్నును నిలిపివేసెను. జనము సంతోషించిరి. కాని జిల్లా మండలి తన ప్రజలనుండి తెచ్చుకొను ధనము క్షీణించి, పైనుండి వచ్చు గ్రాంటే దిక్కయ్యెను. పరీక్షలో మార్కులు వచ్చుచున్నవి, పరీక్ష పెట్టువాడు రాజధానిలో నున్నాడు, పన్ను కట్టి నిలదీయు ఊరివాడు మాత్రము రంగమునుండి తప్పుకొనెను. చీరాలలో జనము అడిగిన లెక్కను ఇచ్చట అడుగు హక్కే సన్నగిల్లినది.

దీనికి ఎదురుగా పౌరసభలనబడు బంగ్లాదేశపు పురపాలక సంఘములలో ఆసియా అభివృద్ధి బ్యాంకు ఋణముతో నడచిన కార్యక్రమము, తరువాతి విడత ధనమునకు షరతులుగా స్త్రీలకు, పేదలకు స్థానముగల పట్టణ సమన్వయ సంఘము ఏర్పాటును, ఇంటిపన్ను వసూలు మెరుగుదలను పెట్టెను. ఆ సంఘమునకు 2009 నాటి పౌరసభ చట్టమున స్థానము లభించెను. దాత వెళ్లినను చట్టము నిలుచును. పన్ను కట్టినవాడు అడుగుటకు వేదిక మిగులును. ఇట్టిది చిన్న ఫలితమైనను, వేయి మీటర్ల కాలువకంటె నేను దీనినే ఎక్కువగా లెక్కింతును.

6. రెండు ఆక్షేపణలు

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. ధనమిచ్చిన దేశపు పన్నుదారునికి లెక్క అడుగు హక్కు లేదా యని యొకరందురు. తప్పక గలదు. లండనులోనో, ఓస్లోలోనో కూర్చున్న కార్మికుని పన్ను మన ఊరి కాలువకు వచ్చినచో, అతని ప్రతినిధులు విచారించుట ధర్మమే. కాని అతనికి చెప్పవలసిన లెక్క ధనము సక్రమముగా వ్యయమయ్యెనా అన్నది. మన ఊరిలో పాలన మెరుగుపడెనా అన్నదానికి సాక్షి మన ఊరివాడే.

రెండవది బలమైన ఆక్షేపణ. స్థానికుల చేతికే తీర్పు నిచ్చినచో, ఊరిలోని బలవంతుడే స్థానికుడై కూర్చుండునే, పేదల పక్షమున నిలిచిన దాత షరతు ఎగిరిపోవునే యందురు. ఇది నిజము, వాడల ఎంపికలో పట్టిక చేసిన మేలును నేనే చెప్పితిని. కావున స్థానికుల తీర్పు అనగా అధ్యక్షుని అభిప్రాయము కాదు, ఇంటింటి సాక్ష్యము. 1994లో శామ్యూల్ పాల్ బెంగుళూరులో పౌరులనుండి నగరసేవలపై అభిప్రాయములు సేకరించి, శాఖలవారీగా పౌరనివేదిక పత్రము ప్రకటించెను. 1999లోను, 2003లోను అదే పని మరల జరిగెను. సేవ పొందువారే, అందును మురికివాడలవారిని వేరుగా లెక్కించి, మార్కులు వేయుట అసాధ్యము కాదని ఆ ప్రయత్నము రుజువుచేసెను.

7. చేయదగినది

ఈ విచారమునుండి నాకు తోచిన నియమములు కొన్ని మనవి చేసెదను.

మొదటిది కాలము. పథకము ముగిసిననాడు వ్రాయు నివేదికను తాత్కాలికముగానే ఎంచి, అయిదేండ్లకు ఒకమారు, పదేండ్లకు ఒకమారు మరల కొలుచుటకు ధనమును ఒప్పందమునాడే కేటాయించి, దాతకును పురపాలక సంఘమునకును లోబడని విశ్వవిద్యాలయమువంటి సంస్థ చేతిలో నుంచవలెను.

రెండవది పద్దు. ఎన్ని కుళాయిలు బిగించిరను లెక్కకు పక్కన, పురపాలక సంఘము తన సొంత ఆదాయమునుండి నిర్వహణకు ఏటేట ఎంత వెచ్చించెనో చూపవలెను. సహాయము వచ్చినందున తన నిధులను వేరొక పనికి మరల్చినదా యనునది ఆ పద్దులోనే బయటపడును. కాలువకు వచ్చిన ధనము నిజమునకు టౌనుహాలు ముంగిలికి పోయినదో లేదో అచ్చటనే తెలియును. పేదవాడలలో పన్ను పెంచుమని నా యభిప్రాయము కాదు. కట్టగలవాడు కట్టెనా, కట్టినవానికి సేవ అందెనా యన్న సంబంధమును కొలువుమని నా మనవి.

మూడవది అడుగు హక్కు. ఫిర్యాదు ఎచ్చట చేయవలెనో, ఎన్నాళ్లకు జవాబు వచ్చెనో, ఆ జవాబు ఇచ్చినవాడు ఎన్నికలలో గాని, ఉద్యోగములో గాని దాని ఫలితమును అనుభవించునో లేదో నమోదు కావలెను. ఎన్నికలే జరుగనప్పుడు, ఆ పట్టణమున స్థానికపాలన బలపడెనన్న మాటను నివేదికనుండి కొట్టివేయవలెను.

నాల్గవది భాష. నివేదిక పట్టణవాసుల భాషలో వ్రాయబడి, పురపాలక మండలి సమావేశమున చర్చింపబడి, వార్డులలో చదువబడవలెను. బ్రిటను 2012లో నిర్ణయించి 2015తో మనకు ఆర్థిక గ్రాంటులను ముగించెను. ఆ సహాయమును నడపిన శాఖయే 2020లో విదేశాంగ శాఖలో విలీనమయ్యెను. 1961లో వెలసిన అమెరికా అభివృద్ధి సంస్థ 2025లో మూతపడెను. దాతల సంస్థలు వచ్చుచుండును, పోవుచుండును. వారి దఫ్తరములో మాత్రమే నిలిచిన జ్ఞానము వారితోనే పోవును. ఊరి లెక్క ఊరి కచేరిలో నుండవలెను.

ఇవన్నియు భవిష్యత్తులో వచ్చు సహాయమునకు చెప్పిన మాటలు. గడచినదానికి సంబంధించి మనమే చేయగల పని యొకటి గలదు. పట్టణ పేదల సేవాపథకములో చేరిన 42 పట్టణములు నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో నున్నవి. ఆనాటి కార్యప్రణాళికలు మునిసిపల్ కార్యాలయముల బీరువాలలో వెదకదగినవి. ఆ వాడల స్త్రీలు, ఆ పొదుపుసంఘముల నాయకురాండ్రు అనేకులు నేటికిని సాక్ష్యము చెప్పగలవారు. మన విశ్వవిద్యాలయముల ప్రభుత్వపాలన, ఆర్థికశాస్త్ర శాఖల విద్యార్థులు పట్టణమునకు నలుగురు చొప్పున పూని, కాలువ నేడు పారుచున్నదా, దానికి జీతము లెవరిచ్చుచున్నారు, అది పూడినప్పుడు ఆ వీధివారు ఎవరిని అడిగిరి, ఏమి జవాబు వచ్చెను అను నాలుగు ప్రశ్నలకు సమాధానములు తెలుగులో వ్రాసి, ఆ పట్టణపు పురపాలక మండలి యెదుట పెట్టినచో, ఇంతవరకు ఏ దాతయు వ్రాయింపని నివేదిక మనకు సిద్ధించును. గోపాలకృష్ణయ్యగారి స్మృతికి అంతకంటె తగిన నివాళి నాకు తోచుట లేదు. ఆ పనికి విదేశీధనము అక్కరలేదు, ఎవరి అనుమతియు అక్కరలేదు.